పక్కింటి మామ్మ నమ్మకం

పోయిన నెల ఈ చలిలో ఇడ్లీ పిండి పులియబెట్టడానికి నేను పడ్డ తంటాల గురించి రాశాను కదా. ఈసారి వంటింట్లోంచి మిమ్మల్ని కాస్త పక్కకి తీసుకెళ్తాను. ఎక్కువ దూరం కాదు, మా పక్కింటికే.

మేం బర్మింగ్‌హామ్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మావి జంట ఇళ్లు, రెండిటికీ మధ్య ఒకటే గోడ. మా వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి భోజనాల బల్ల కనిపిస్తుంది. పొద్దున్న ఆరున్నరకి పాప లంచ్ బాక్స్ కోసం నేను లేచేసరికే అక్కడ లైటు వెలుగుతూ ఉండేది. ఆవిడా ఆయనా ఎదురెదురుగా కూర్చుని, చేతిలో పెన్సిలు పట్టుకుని పుస్తకం చదువుకుంటూ ఉండేవాళ్లు. తెనాలిలో మా నాన్న తెల్లారకుండానే సుందరకాండ పారాయణ చేసేవారు. ఎవరి పారాయణ వాళ్లది అనుకుని నా పోపు నేను పెట్టుకునేదాన్ని.

ఆవిడకి డెబ్భై ఆరేళ్లు. మా పాప మామ్మ అని పిలుస్తుంది కాబట్టి ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. ఆవిడ నన్ను 'బాబ్' అంటుంది. కొత్తలో నన్ను బాబూ అంటోందేంటి అని తెగ ఆశ్చర్యపోయాను. ఈ ఊళ్లో పెద్దవాళ్లు ముద్దుగా పిలిచే పిలుపట అది, మన బుజ్జీ, అమ్మడూ లాగా.

రెండు చలికాలాల కిందట తాతగారు పోయారు. మనకి ఇలాంటప్పుడు ఏం తీసుకెళ్లాలో, ఏం మాట్లాడాలో ఈ దేశంలో ఎవరు చెబుతారు? అన్నం, చప్పటి పప్పు ఒక డబ్బాలో సర్దుకుని వెళ్లాను. టీవీలోనూ కార్డుల మీదా చూసి నేర్చుకున్న మాటే ఆవిడకీ చెప్పాను. బాధపడకండి, ఆయన ఇంతకంటే మంచి చోటుకే వెళ్లారు అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "లేదు బాబ్, ఎక్కడికీ వెళ్లలేదు. నిద్రపోతున్నాడు. ఇప్పుడు ఆయనకి ఏమీ తెలియదు" అంది.

నేను బిత్తరపోయాను. చర్చికి వెళ్లేవాళ్లంటే పోయినవాళ్లు స్వర్గంలో ఉన్నారనే అనుకుంటారని నా లెక్క. బైబిలు వదలకుండా చదివే మనిషి ఇలా అంటుందేమిటి? ఇంటికొచ్చి మా వారితో అంటే, షాక్‌లో ఏదో అని ఉంటుందిలే అన్నారు. షాకేమీ కాదు. వాళ్ల నమ్మకానికి పునాదే ఆ మాటట.

వాళ్లని క్రిస్టడెల్ఫియన్లు అంటారు. గ్రీకు మాట, క్రీస్తునందు సోదరులు అని అర్థం. ప్రపంచమంతా కలిపి 50 వేల మంది దాకా ఉంటారని అంచనా. అంటే మన ఒక చిన్న పట్టణం జనాభా. అందులో బర్మింగ్‌హామ్ వాళ్లకి పెద్ద కేంద్రం, పత్రిక కూడా ఇక్కడినుంచే వస్తుంది. తొమ్మిదేళ్లుగా గోడకి ఇటు పక్క ఉండి కూడా ఆ పేరు నేను విననే లేదు.

ఈ మతం మొదలైన తీరు మామ్మ కథలాగా చెప్పింది. జాన్ థామస్ అని లండన్‌లో పుట్టిన డాక్టరు 1832లో ఓడెక్కి అమెరికా బయల్దేరాడు. అట్లాంటిక్‌లో తుఫాను పట్టుకుంది. ఓడ మునుగుతుందేమో అన్నప్పుడు ఆయనకి భయంతో పాటు ఒక సందేహం వచ్చిందట. ఇప్పుడు పోతే నేను ఏమవుతాను? చదువుకున్నవాడై ఉండీ దానికి తన దగ్గర సరైన జవాబు లేదని సిగ్గుపడ్డాడట. బతికి బయటపడితే ఈ సంగతి తేలేదాకా వదలనని ఒట్టు పెట్టుకున్నాడు. బతికాడు. తర్వాత ఏళ్లకేళ్లు బైబిలు ముందేసుకుని ఒక్కో మాటా తవ్వుకుంటూ పోయాడు. అప్పటికి చర్చిలు చెబుతున్న చాలా సంగతులు తనకి ఆ పుస్తకంలో కనబడలేదన్నాడు.

బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివిన దాన్ని కాబట్టి నాకు ఈ కథలో తుఫానుకంటే ఆ సిగ్గు నచ్చింది. తెలియదని ఒప్పుకోవడం దగ్గరే కదా ఏదైనా మొదలయ్యేది.

ఇక వాళ్లు నమ్మేది ఏమిటంటే, మనిషిలో చావులేని ఆత్మ అంటూ విడిగా ఏదీ లేదు. మనిషి మట్టి, ఊపిరి ఆగితే మళ్లీ మట్టే. స్వర్గానికి పోవడం లేదు, నరకంలో కాలడమూ లేదు. నరకం అని తర్జుమా చేసిన మాటకి చాలా చోట్ల సమాధి అనే అర్థమట. మరి ఆశ దేనిమీద? యేసు ఈ భూమి మీదకే తిరిగి వస్తాడు, నిద్రపోయినవాళ్లని లేపుతాడు, యెరూషలేము రాజధానిగా వెయ్యేళ్లు పాలిస్తాడు. వాళ్లు ఎదురుచూసేది ఆకాశంలో చోటు కోసం కాదు, బాగుపడ్డ ఈ భూమి కోసమే. అబ్రాహాముకీ దావీదుకీ దేవుడు ఇచ్చిన మాటలు ఇంకా బాకీ ఉన్నాయి, అవి ఇక్కడే తీరాలి అంటుంది మామ్మ, ఎవరో తీసుకున్న చేబదులు సంగతి చెప్పినట్టు.

నిద్ర అన్న మాట విన్నాక నాకు గుంటూరు గుర్తొచ్చింది. అక్కడ డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్ లూథరన్లు. వాళ్లింటికి వెళ్తే వీధి మలుపులో ఫ్లెక్సీ మీద ఎవరిదో ఫోటో కింద 'ప్రభువునందు నిద్రించారు' అని ఉండేది. చనిపోయారు అనడానికి మర్యాద మాట అనుకునేదాన్ని, మనం పరమపదించారు అన్నట్టు. మామ్మవాళ్లు మాత్రం ఆ మాటని అక్షరాలా అలాగే తీసుకున్నారు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒక దేవుడు అనే త్రిత్వం కూడా వీళ్లకి లేదు. దేవుడు ఒక్కడే. యేసు ఆయన కుమారుడు, మరియకి పుట్టినవాడు, పుట్టకముందు దేవుడి ఆలోచనలో తప్ప వేరే ఉనికి లేనివాడు. పరిశుద్ధాత్మ అంటే దేవుడి శక్తి, ఒక వ్యక్తి కాదు. మిగతా క్రైస్తవుల్లో చాలామంది వీళ్లని తమవాళ్లుగా లెక్కపెట్టకపోవడానికి ముఖ్యంగా ఇదే కారణం. సాతాను కూడా కొమ్ములూ తోకా ఉన్నవాడు కాదు. మనిషి లోపలి పాపపు బుద్ధికే బైబిలు ఆ పేరు పెట్టిందంటారు. దీనివల్ల ఒక చిక్కుంది, మనం చేసిన వెధవ పనిని ఇంకెవరి మీదికీ నెట్టలేం, అని మామ్మ నవ్వుతుంది.

మన తలుపులు కొట్టి పుస్తకాలు ఇచ్చే యెహోవా సాక్షులూ వీళ్లూ ఒకటేనా అని మీలో చాలామందికి వచ్చే సందేహం నాకూ వచ్చింది. కాదు. త్రిత్వం, నరకం విషయాల్లో ఇద్దరూ దగ్గరగా కనిపిస్తారు గానీ, సాక్షులకి యేసు ముందు నుంచీ పరలోకంలో ఉన్నవాడు. రక్తం ఎక్కించుకోకూడదన్న నియమం వీళ్లకి లేదు. అందరి మీదా పెత్తనం చేసే కేంద్ర కార్యాలయమూ లేదు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే. దాన్ని 'ఎక్లీసియా' అంటారు.

ఒక ఆదివారం వాళ్ల హాలుకి వెళ్లాను. తాతగారు పోయాక మామ్మకి రాత్రిపూట డ్రైవింగ్ కుదరడం లేదు, చలికాలంలో పొద్దున కూడా చీకటే. దింపడానికి వెళ్లిన దాన్ని లోపలికి రమ్మంటే కూర్చున్నాను. మామూలు ఇటుకల హాలు. శిలువ లేదు, రంగుటద్దాలు లేవు, అంగీ వేసుకున్న పాస్టరు లేడు. అసలు జీతం తీసుకునే పాస్టరే ఉండడు. ఆ రోజు మాట్లాడినాయన వారమంతా లెక్కలు చూసుకునే అకౌంటెంటు. వచ్చే వారం ఇంకొకాయన. మధ్యలో రొట్టె విరిచి పంచుకున్నారు, ద్రాక్షరసం గిన్నె చేతులు మారింది. అది బాప్తిస్మం తీసుకున్న సభ్యులకే. నేను వెనక కుర్చీలో కూర్చుని చూశాను. గుళ్లో తీర్థం నా దాకా వచ్చి ఆగిపోయినట్టు ఒక్క క్షణం చివుక్కుమంది. తర్వాత అందరూ నా చుట్టూ చేరి టీ, బిస్కెట్లు పెట్టి, పాప చదువు సంగతి అడిగారు.

బాప్తిస్మం వీళ్లు పసిపిల్లలకి ఇవ్వరు. పెద్దయ్యాక, తెలిసి అడిగినవాళ్లకే. అదీ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని గంటల తరబడి ప్రశ్నలు వేశాకే. మామ్మకి అప్పుడు పద్దెనిమిదేళ్లట. డిగ్రీ వైవాకంటే కష్టంగా ఉందని చెప్పింది. ఆ ప్రశ్నలన్నిటికీ ఆధారంగా ఒక విశ్వాస ప్రకటన ఉంది. ఈ ఊరి పేరే పెట్టారు దానికి, 1898లో సవరించారు. అందులో 30 అంశాలు ఏం నమ్మాలో చెబుతాయి. దాని తర్వాత, వేటిని నమ్మకూడదో చెప్పే పట్టిక విడిగా ఉంది. ఏ మతంలోనూ నేను ఇంత ఖచ్చితమైన పట్టిక చూడలేదు. మన వైపు ఇలాంటిది రాయాలని కూర్చుంటే మొదటి అంశం దగ్గరే మా అత్తగారూ మేనత్తగారూ తేల్చుకోలేరు.

పొద్దున్న పెన్సిలు సంగతి కూడా అప్పుడే తెలిసింది. 19వ శతాబ్దంలో రాబర్ట్ రాబర్ట్స్ అనే ఆయన చదువుకోవడానికి ఒక పట్టిక తయారు చేశాడు. రోజుకి మూడు భాగాలు. అలా చదివితే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన రెండుసార్లు పూర్తవుతాయి. ఏ దేశంలో ఉన్నా ఆ రోజుకి ఆ భాగాలే. మామ్మ పెళ్లయినప్పటి నుంచీ ఒక్క రోజూ ఆపలేదంటే నమ్మొచ్చు, ఆ అంచుల నిండా సన్నటి అక్షరాలు చూశాను కాబట్టి.

నాకు నచ్చినవీ నచ్చనివీ దాచుకోకుండా చెబుతాను. ఎవరో చెప్పారని నమ్మొద్దు, తెరిచి చూడు అనే వాళ్ల పద్ధతి నాకు ల్యాబ్ రోజుల్ని గుర్తుచేసింది. డాక్టర్ థామస్ లెక్కలు వేసి 1860ల చివర్లో యేసు వస్తాడనుకున్నాడు, రాలేదు. ఆయన పొరబడ్డాడు అని మామ్మ సూటిగా ఒప్పుకుంది. కానీ అన్నిటినీ ఆ పుస్తకంతో తూచి చూసేవాళ్లు, పుస్తకాన్ని మాత్రం దేనితోనూ తూచరు. ఇది ఆవిడతోనే అన్నాను. "మరి నీ తక్కెడని నువ్వు దేనితో తూచావు?" అని అడిగింది. ఇంకా ఆలోచిస్తున్నాను.

నచ్చనిది ఆడవాళ్ల సంగతి. ఆ ఆదివారం ఆడవాళ్లంతా తలమీద టోపీయో స్కార్ఫో వేసుకున్నారు. ముందుకెళ్లి ప్రసంగించిందీ ప్రార్థన చేసిందీ మగవాళ్లే. చాలా ఎక్లీసియాల్లో ఇదే పద్ధతి, కొన్నిచోట్ల మార్పు వస్తోందట. ఆ హాల్లో మామ్మకంటే బాగా బైబిలు తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారేమో. ఆదివారం బడిలో యాభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది, కానీ వేదిక ఎక్కలేదు. మీకు బాధనిపించదా అంటే, "అలవాటు బాబ్" అని టోపీ సర్దుకుంది. బాధలేదని మాత్రం అనలేదు. పెళ్లి కూడా నమ్మకంలో ఉన్నవాళ్లనే చేసుకోవాలన్నది వాళ్ల పట్టుదల. 50 వేల మందిలో సంబంధం వెతకడం ఎంత కష్టమో, మన సంబంధాల వెబ్‌సైట్లు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

వీళ్లు ఓటు వెయ్యరు, సైన్యంలో చేరరు. మా రాజు ఇంకా రాలేదు, మేం పరదేశులం అంటారు. అసలు ఆ పేరు పుట్టిందే అందుకు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, యుద్ధం చెయ్యమని చెప్పుకోవడానికి ప్రభుత్వానికి ఒక పేరంటూ ఇవ్వాల్సి వచ్చి డాక్టర్ థామస్ ఇది పెట్టాడు. 1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక చట్టం వచ్చినప్పుడు వీళ్ల కుర్రాళ్లు ట్రిబ్యునళ్ల ముందు నిలబడి తుపాకీ పట్టమని చెప్పారు. పిరికివాళ్లని అందరూ ఉమ్మేసిన రోజులవి. రెండో యుద్ధం ముందు జర్మనీ వైపు నుంచి యూదుల పిల్లలు రైళ్లలో ఒంటరిగా వస్తే, వాళ్లలో కొంతమందిని వీళ్లు తమ ఇళ్లల్లో పెట్టుకున్నారు. ఈ ఊళ్లోనే మగపిల్లల కోసం ఎల్పిస్ లాడ్జ్ అని ఒక హాస్టల్ నడిపారు. ఎల్పిస్ అంటే గ్రీకులో ఆశ అట. ఓటు వెయ్యకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా ఆ హాస్టల్ గురించి విన్నాక దాని మీద వాదించడం మానేశాను.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి ఇరుగుపొరుగు కథ అయ్యేది.

పోయిన జూన్‌లో మా అమ్మ పోయింది. గుండెపోటు. నాకు టికెట్ దొరికి హైదరాబాద్‌లో దిగి కారులో తెనాలి చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మని చివరిసారి చూసింది ఫోన్ తెరమీద, ఎవరో పట్టుకున్న ఫోన్ వణుకుతుంటే. మీలో ఎంతమందికి ఈ అనుభవం ఉందో నాకు తెలుసు, అందుకే దీని గురించి ఎక్కువ రాయను.

పన్నెండు రోజులయ్యాక తిరిగొచ్చాను. పాపకి ఏడేళ్లు. అమ్మమ్మ ఎక్కడుందని అడిగింది. చుక్క అయిపోయింది అని చెప్పాను. చుక్కంటే హైడ్రోజన్ అని తెలిసిన తల్లినే, అయినా అదే నోటికొచ్చింది. పాప వెళ్లి మామ్మకి చెప్పిందట. మామ్మ అవుననీ కాదనీ అనకుండా, మీ అమ్మమ్మ నీకు ఏం వండి పెట్టేది అని అడిగిందట.

ఒకరోజు సాయంత్రం నేనే వెళ్లి కూర్చున్నాను. తాతగారు లేస్తారని మీరు ఎదురుచూస్తున్నారు కదా, మరి మా అమ్మ? బైబిలు ముట్టని మనిషి. శనివారం ఉపవాసం, కార్తీకంలో దీపాలు, ఎదురింటి ముసలమ్మకి రోజూ ఇంత మజ్జిగ. ఆవిడని కూడా లేపుతాడా మీ దేవుడు?

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నేను నమ్మేది చెప్పనా, నీకు హాయిగా ఉండేది చెప్పనా?" అంది. నమ్మేదే చెప్పమన్నాను. తెలిసి ఒప్పుకున్నవాళ్లనీ, తెలిసి కాదన్నవాళ్లనీ తీర్పు కోసం లేపుతాడు. అసలు ఆ మాట చేరనివాళ్లని లేపడు. వాళ్లకి శిక్ష లేదు, బాధ లేదు. నిద్ర, అంతే. "మీ అమ్మకి ఏ నొప్పీ లేదు బాబ్. తీర్పు చెప్పేది నేను కాదు, నా లెక్క తప్పైతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ అడిగావు కాబట్టి అబద్ధం చెప్పలేను."

నేను లేచి వచ్చేశాను. వారం రోజులు అటువైపు బ్లైండ్స్ తియ్యలేదు. మా అమ్మని పక్కన పెట్టే పట్టిక ఎంత ఖచ్చితంగా ఉంటే నాకేంటి అనిపించింది. మా వారు, నువ్వే కదా అడిగింది అన్నారు. అది నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది. తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే తోచింది. అమ్మ పోయాక నాకు ఫోన్ చేసిన అందరూ ఏదో ఒకటి చెప్పారు. పుణ్యాత్మురాలు, కైలాసం చేరింది, నీ కడుపునే పుడుతుంది. ఒక్కరైనా తాము నిజంగా నమ్మేది చెప్పారా? నా మాటేమిటి, ఆ చుక్క నేను నమ్మే చెప్పానా? నాకు తెలిసిన జీవశాస్త్రం చెప్పేదానికి మామ్మ నిద్ర ఎంతో దూరంలో లేదు. తేడా అల్లా ఆవిడ తన భర్త కోసం పొద్దున అలారం పెట్టుకుంది. ఆ అలారం మా అమ్మకి మోగదంది. కోపం పూర్తిగా పోలేదు, ఇప్పటికీ కొంచెం ఉంది. బ్లైండ్స్ మాత్రం తీశాను.

అన్నయ్య తెనాలిలో నెలనెలా మాసికం పెడుతున్నాడు. నేను ఇక్కడ ఆ రోజు అమ్మకి ఇష్టమైనవి వండి, ముందుగా కొంచెం పెరట్లో గోడ మీద పెడతాను. కాకి బదులు మాగ్‌పైలు వస్తాయి, నలుపూ తెలుపూ కలిసిన పిట్టలు. మొన్న నాలుగో మాసికానికి గారెలు చేస్తుంటే మామ్మ కంచె దగ్గర నిలబడి వాసన బాగుందంది. రమ్మన్నాను. బల్ల దగ్గర కూర్చుని, మొహమాటంగానే అడిగింది, ఇవి మీ అమ్మకి పెట్టినవా, మీ అమ్మ గుర్తుగా చేసినవా అని. పెట్టినవి ఆవిడ తినకూడదు, అది ఆవిడ నియమం, నాకు తెలుసు. పెట్టింది గోడ మీదుంది మామ్మా, ఇవి బాండీలోంచి ఇప్పుడే తీసినవి, గుర్తుగా చేసినవే అన్నాను.

అమ్మ పేరు అడిగింది. చెప్పాను. నాలుక సరిగ్గా తిరగక రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి బాగానే పలికింది. అల్లంపచ్చడి కారమని పక్కకి జరిపి, రెండు గారెలు తిని, మూడోది పాప ప్లేటులో వేసింది.